గుర్తుండేలా, అర్థమయ్యేలా: తరగతి గది బోధనా వ్యూహాలు

బోధనా వ్యూహం అంటే పాఠం విద్యార్థికి అర్థమై, మనసులో నిలిచి, అవసరమైన రోజున అక్కరకొచ్చేలా ఉపాధ్యాయుడు ముందే ఆలోచించి చేసుకునే ఏర్పాటు. ఏ ప్రశ్న ఎప్పుడు అడగాలి, జవాబు కోసం ఎంతసేపు ఆగాలి, పోయిన నెల చెప్పిన పాఠాన్ని మళ్లీ ఏ రోజు తిరగదోడాలి, లెక్క బోర్డు మీద చేసి చూపాలా పిల్లలచేతే చేయించాలా వంటి చిన్నచిన్న నిర్ణయాలన్నీ దీని కిందికే వస్తాయి. చాలాకాలం వీటిని అనుభవం మీద పట్టుబడే కిటుకులుగానే చూశారు. 19వ శతాబ్దం చివరి నుంచి మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు వీటిని ఒక్కొక్కటిగా ప్రయోగాలకు పెట్టారు. తేలిన విషయాల్లో కొన్ని బడిలో మామూలుగా జరిగే పద్ధతికి నేరుగా ఎదురు నడుస్తాయి.

తెలుగునాట ఈ చర్చ వచ్చినప్పుడల్లా రెండు పక్షాలు తయారవుతాయి. బట్టీ చదువు పిల్లల్ని పాడుచేస్తోందని ఒకరు, ఎక్కాలు రానివాడికి లెక్కలేం వస్తాయని ఇంకొకరు. పరిశోధన ఎవరినీ పూర్తిగా గెలిపించదు. గుర్తులేని విషయంతో ఆలోచించడం కుదరదు. అర్థంకాని విషయం పరీక్ష అయ్యేదాకా నిలవడమే గొప్ప.

జ్ఞాపకం, అవగాహన: ఏది ముందు?

1956లో అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ బృందం విద్యా లక్ష్యాలను వర్గీకరించింది. జ్ఞానం, అవగాహన, వినియోగం, విశ్లేషణ, సంశ్లేషణ, మూల్యాంకనం అనే ఆ వరుస డీఎడ్, బీఎడ్ చదివిన వారందరికీ నోటికి వచ్చినదే. 2001లో లోరిన్ ఆండర్సన్, డేవిడ్ క్రాత్‌వోల్ దాన్ని సవరించారు. అందులో మొదటిది గుర్తుంచుకోవడం, రెండోది అర్థం చేసుకోవడం. ఈ వరుసను చాలామంది మెట్లలా చదివారు: ముందు కంఠస్థం, తర్వాత ఎప్పుడో అవగాహన. తరగతి గదిలో మొదటి మెట్టు దగ్గరే పీరియడు అయిపోతుంది.

నిజానికి రాకపోకలు రెండు వైపులా ఉంటాయి. 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ చదరంగం ఆటగాళ్ల మీద చేసిన ప్రయోగం ఇందుకు మంచి సాక్ష్యం. ఆట మధ్యలో ఉన్న బోర్డును 5 సెకన్లు చూపి తీసేస్తే, ఆరితేరిన ఆటగాడు పావుల్లో చాలావాటిని ఉన్నచోటే తిరిగి పేర్చాడు. కొత్తవాడు నాలుగైదు పావుల దగ్గర ఆగిపోయాడు. అవే పావులను ఒక తీరూ తెన్నూ లేకుండా చల్లి చూపినప్పుడు మాత్రం ఇద్దరి మధ్య తేడా దాదాపు మాయమైంది. ఆరితేరినవాడి జ్ఞాపకశక్తి మామూలుదే. అతనికి ఆట తెలుసు కనుక పావులు గుంపులు గుంపులుగా అర్థవంతంగా కనిపించాయి. అర్థం కావడమే అతని జ్ఞాపకానికి ఆధారమైంది.

బళ్లారి కలెక్టరు చూసిన బడులు

జ్ఞాపకానికి, అవగాహనకు మధ్య ఎడం తెలుగు బడుల్లో రెండు శతాబ్దాల కిందటే రికార్డుకెక్కింది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, ప్రెసిడెన్సీలోని బడుల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823లో పంపిన నివేదిక వాటన్నిటిలో ప్రసిద్ధం. తెలుగు వ్యాకరణం రాసిన క్యాంబెల్ ఈయనే. అప్పటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతమూ కలిసే ఉండేది. జిల్లాలో 533 బడులున్నాయని, వాటిలో 226 తెలుగు బడులని ఆయన లెక్క తేల్చాడు.

ఆయన ఎత్తిచూపిన లోపం ఇప్పటికీ పాతబడలేదు. బడుల్లో చదివించేవి పద్యకావ్యాలు. వాటి భాష వేరు, పిల్లలు ఇంట్లో మాట్లాడే భాష వేరు. పద్యాలకు పద్యాలు తడుముకోకుండా అప్పజెప్పే పిల్లవాడికి వాటి అర్థం తెలియదు. చాలాచోట్ల చెప్పే పంతులుకీ తెలియదని క్యాంబెల్ రాశాడు.

అదే నివేదికలో ఆయన మనసారా మెచ్చుకున్న పద్ధతి కూడా ఒకటుంది. ముందు నేర్చుకున్న పిల్లలు వెనకున్నవారికి నేర్పుతారు, నేర్పుతూ తమ చదువును గట్టిచేసుకుంటారు. ఇంగ్లండు ఈ పద్ధతిని అనుకరించడం తగినదేనని ఆయన అభిప్రాయం. ఆ అనుకరణ వెనక ఉన్నవాడు ఆండ్రూ బెల్. మద్రాసు ఎగ్మూరులోని సైనిక అనాథ బాలుర శరణాలయాన్ని నడిపిన బెల్, దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి ఆ పద్ధతిని తన బడిలో పెట్టాడు. పెద్ద పిల్లలచేత చిన్నవారికి చెప్పించాడు. 1797లో లండన్‌లో ఆ అనుభవాన్ని పుస్తకంగా అచ్చువేశాడు. దానికి మద్రాసు పద్ధతి అనే పేరు స్థిరపడింది. తోటివారికి వివరించి చెప్పడం వల్ల చెప్పేవాడికే ఎక్కువ లాభమని నేటి పరిశోధకులు అంటున్నప్పుడు, వీధిబడి పంతుళ్లకు అది పాత సంగతేనని గుర్తుచేసుకోవడం న్యాయం.

మరుపు లెక్క

జ్ఞాపకాన్ని మొదటిసారి కొలిచి చూసినవాడు జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్. ప్రయోగంలో పాల్గొన్నదీ ఆయనొక్కడే. అర్థంలేని మూడక్షరాల పదాంశాలను దాదాపు 2300 తయారుచేసుకుని, వరుసలుగా కంఠస్థం చేసి, కొంత వ్యవధి తర్వాత మళ్లీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ తగ్గిందో లెక్కగట్టాడు. 1885లో ఫలితాలు ప్రచురించాడు. మరుపు మొదటి గంటలోనే వేగంగా సాగుతుంది. ఒక రోజు గడిచేసరికి, మళ్లీ నేర్చుకునేటప్పుడు ఆదా అయ్యే శ్రమ మూడో వంతుకు పడిపోయింది. ఆ తర్వాత తగ్గుదల నెమ్మదిస్తుంది. ఉపాధ్యాయ నియామక పరీక్షలకు చదివేవారందరికీ పరిచయమైన విస్మృతి వక్రరేఖ ఇదే.

ఆ రేఖంత పేరు తెచ్చుకోని ఇంకో ఫలితం అదే పుస్తకంలో ఉంది. ఒకే రోజున 68 సార్లు చదివిన వరుసకు, మూడు రోజులకు పంచి 38 సార్లు చదివిన వరుసకు మర్నాడు వచ్చిన ఫలితం దాదాపు సమానం. శ్రమ సగానికి దగ్గరగా తగ్గింది. తెలుగు పాఠ్యగ్రంథాలు దీన్ని విరామ అభ్యసనం అంటాయి.

ఎంత విరామం ఇవ్వాలన్నది పరీక్ష ఎంత దూరంలో ఉందన్న దాన్నిబట్టి మారుతుంది. నికొలస్ సెపెడా, హెరాల్డ్ పాష్లర్ బృందం 1354 మందితో చేసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, వారం తర్వాత పరీక్ష ఉంటే ఒక రోజు విరామంతో మళ్లీ చదవడం మేలని తేలింది. ఏడాది తర్వాత ఉంటే దాదాపు మూడు వారాల విరామం కావాలి. మార్చిలో పబ్లిక్ పరీక్షలు రాసే పదో తరగతి పిల్లలకు జూన్, జులైలలో చెప్పిన పాఠాన్ని జనవరి రివిజన్ దాకా ముట్టుకోకపోవడం ఎంత నష్టమో దీన్నిబట్టి ఊహించవచ్చు. జనవరిలో జరిగేది పేరుకే రివిజన్. చాలామంది పిల్లలకు అది ఆ పాఠంతో మళ్లీ మొదటి పరిచయం.

చదవడం కాదు, గుర్తుతెచ్చుకోవడం

పరిశోధనల్లో అన్నిటికన్నా గట్టిగా నిలబడిన వ్యూహం పునఃస్మరణ. పుస్తకం మూసి, నేర్చుకున్నదాన్ని బుర్రలోంచి బయటికి తీయడం. మామూలు అభిప్రాయం ప్రకారం నేర్చుకోవడం చదివినప్పుడు జరుగుతుంది, పరీక్ష దాన్ని కొలుస్తుంది. ఈ అభిప్రాయం తప్పని మొదట పెద్దఎత్తున చూపినవారిలో హెర్బర్ట్ స్పిట్జర్ ఒకడు. 1939లో ఆయన అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 3605 మంది ఆరో తరగతి పిల్లలతో ప్రయోగం చేశాడు. పాఠం చదివిన వెంటనే చిన్న పరీక్ష రాసిన పిల్లలు, రాయని పిల్లలకన్నా వారాల తర్వాత కూడా ఎక్కువ గుర్తుంచుకున్నారు. ఆ ఫలితాన్ని విద్యాలోకం పెద్దగా పట్టించుకోలేదు.

2006లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికి ప్రచురించిన అధ్యయనంతో విషయం మళ్లీ వెలుగులోకి వచ్చింది. విద్యార్థులు ఒక గద్యభాగం చదివారు. ఒక గుంపు దాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో గుంపు ఒక్క విడత చదివి, మిగతా మూడు విడతల్లో చూడకుండా గుర్తున్నది రాసింది. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే నాలుగుసార్లు చదివినవారిదే పైచేయి: 83 శాతం, 71 శాతం. వారం తర్వాత లెక్క తిరగబడింది. చదివినవారికి 40 శాతం గుర్తుంటే, రాసిచూసుకున్నవారికి 61 శాతం గుర్తుంది. ఇంకా ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, బాగా గుర్తుంటుందని ధీమాగా చెప్పింది మళ్లీమళ్లీ చదివినవారే.

ఆ ధీమా దగ్గరే అసలు చిక్కు. చదివిన పేజీనే తిరిగి చదువుతుంటే అక్షరాలు పరిచితంగా అనిపిస్తాయి. ఆ పరిచయాన్నే విద్యార్థి 'వచ్చేసింది' అనుకుంటాడు. పరీక్ష హాల్లో పేజీ ఎదురుగా ఉండదు. దీనికి విరుగుడుగా పనికొచ్చే ఇబ్బందులకు అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త రాబర్ట్ బ్యోర్క్ 1994లో కోరదగిన కష్టాలు అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. నేర్చుకునేటప్పుడు కొంచెం ఇబ్బందిపెట్టే పద్ధతే తర్వాత ఎక్కువ నిలుస్తుందని ఆయన సిద్ధాంతం.

తరగతిలో దీన్ని అమలుచేయడానికి ఖర్చేమీ లేదు. పీరియడు మొదటి 5 నిమిషాల్లో నిన్నటి పాఠం నుంచి రెండు, పోయిన వారం నుంచి ఒకటి, పోయిన నెల నుంచి ఒకటి చొప్పున ప్రశ్నలు బోర్డు మీద రాస్తే చాలు. పుస్తకాలు మూసి పిల్లలందరూ జవాబులు రాస్తారు, వెంటనే సరిచూసుకుంటారు. ఇందులో రెండు షరతులు ముఖ్యం. ఒకటి, లేచి నిలబడ్డ ఒక్కరే కాకుండా అందరూ రాయాలి. రెండు, తప్పు తప్పుగానే మిగలకుండా ఆ క్షణమే సరైన జవాబు తెలియాలి. రోడిగర్ సహచరులు ఇల్లినాయ్ రాష్ట్రంలోని కొలంబియా మిడిల్ స్కూల్లో ఏళ్లతరబడి ఇలాంటి చిన్న క్విజ్‌లు పెట్టి చూశారు. 2011లో వచ్చిన ఎనిమిదో తరగతి సైన్స్ ఫలితాల్లో, క్విజ్‌లో వచ్చిన అంశాల్లో పిల్లలు సగటున 92 శాతం, రాని అంశాల్లో 79 శాతం సాధించారు. బడి అదే, పిల్లలు వాళ్లే, పాఠం చెప్పినవారూ వాళ్లే.

తెలుగు రాష్ట్రాల్లో పరీక్షలకు కొరతేమీ లేదు. స్లిప్ టెస్టు, వీక్లీ టెస్టు, యూనిట్ టెస్టు, ఎఫ్‌ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం), ఎస్‌ఏ (సంగ్రహణాత్మక మూల్యాంకనం) అంటూ ఏడాది పొడవునా జరుగుతూనే ఉంటాయి. వీటిలో స్లిప్ టెస్టు సరిగ్గా పునఃస్మరణకు పనికొచ్చే సాధనమే. చాలాచోట్ల దాన్ని మార్కుల పట్టికకు, ర్యాంకుకు, ఇంటికి వెళ్లే మెసేజ్‌కు ముడిపెట్టారు. అక్కడితో పిల్లవాడి ధ్యాస పాఠం మీద నుంచి మార్కు మీదికి జారుతుంది. తప్పు చేయడం నేరమైపోతుంది, పక్కవాడి స్లిప్పులోకి తొంగిచూడటం మొదలవుతుంది. అదే టెస్టును మార్కుల్లేకుండా, రికార్డుల్లేకుండా, పిల్లలే దిద్దుకునేలా పెడితే ఫలం పూర్తిగా దక్కుతుంది. మంచి పనిముట్టును చెడ్డ పనికి వాడుతున్న సందర్భమిది.

కలగలిపిన లెక్కలు

గణిత పుస్తకాల్లో ఒక అధ్యాయం తర్వాత ఉండే అభ్యాసంలో లెక్కలన్నీ ఒకే రకం. పైథాగరస్ సిద్ధాంతం అధ్యాయం చివర ఇచ్చిన లెక్కకు ఆ సిద్ధాంతమే వాడాలని చదవకముందే తెలిసిపోతుంది. ఏ సూత్రం ఎక్కడ వాడాలో ఎంచుకునే పని విద్యార్థికి దక్కదు. పరీక్షలో కావలసింది సరిగ్గా ఆ ఎంపికే.

డగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో కాలేజీ విద్యార్థులకు నాలుగు రకాల ఘనాకారాల ఘనపరిమాణం కనుక్కోవడం నేర్పారు. ఒక గుంపు ఒక్కో రకాన్ని విడివిడిగా సాధన చేసింది. ఇంకో గుంపు నాలుగు రకాలనూ కలగలిపి చేసింది. సాధన సమయంలో విడివిడిగా చేసినవారు 89 శాతం సరిగ్గా చేశారు, కలగలిపి చేసినవారు 60 శాతమే. వారం తర్వాత జరిగిన పరీక్షలో మొదటి గుంపు 20 శాతానికి పడిపోయింది, రెండో గుంపు 63 శాతం దగ్గర నిలిచింది. ఇంటి పని ఇచ్చేటప్పుడు పాత అధ్యాయాల లెక్కలు రెండు మూడు కలిపితే చాలు, ఈ లాభం అందుబాటులోకి వస్తుంది. అభ్యాసం 5.2లోని లెక్కలన్నీ చేసుకురమ్మనడంకన్నా ఇది ఎంతో మెరుగు.

కలగలపడం, ఎడం ఇవ్వడం, చివరికి గుర్తుతెచ్చుకోవడం అనే మూడూ ఒకేచోట కనిపించే కళ తెలుగువారికి ఉంది. అష్టావధానంలో అవధాని ఒక పృచ్ఛకుడికి ఒక పాదం చెప్పి తర్వాతివారి దగ్గరికి వెళతాడు, అలా ఆవృత్తాలు తిరిగి, మధ్యలో అప్రస్తుత ప్రసంగాన్ని తట్టుకుని, చివర ధారణలో పద్యాలన్నిటినీ వరుసగా అప్పజెబుతాడు. ఆ పద్యాలు ఆయనే కట్టినవి, ఛందస్సు బిగింపు ఉన్నవి, అర్థం నిండినవి. అర్థంలేని పదాంశాలతో కుస్తీపట్టిన ఎబ్బింగ్‌హాస్ పరిస్థితి దీనికి పూర్తిగా వ్యతిరేకం.

'అర్థమైందా?' అన్న ప్రశ్న

పాఠం చివర ఉపాధ్యాయుడు అర్థమైందా అని అడుగుతాడు. క్లాసంతా ముక్తకంఠంతో అర్థమైంది సార్ అంటుంది. ఈ ప్రశ్నోత్తరాలవల్ల ఉపాధ్యాయుడికి తెలిసేదేమీ లేదు. అర్థంకాని పిల్లవాడికి తనకు అర్థంకాలేదన్న సంగతి తరచూ తెలియదు, తెలిసినా నలభై మందిలో చెయ్యెత్తడు.

అవగాహనను పట్టిచూసే ప్రశ్నకు ఒక లక్షణం ఉంటుంది. పిల్లలు మామూలుగా ఎక్కడ పొరబడతారో తెలిసి, ఆ పొరపాటు బయటపడేలా దాన్ని తయారుచేస్తారు. 1/3, 1/4 లలో ఏది పెద్దది అన్నది అలాంటి ప్రశ్న. 3 కన్నా 4 పెద్దది కనుక 1/4 అనే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. 0.7, 0.25 లలో 25 పెద్దసంఖ్య కాబట్టి 0.25 పెద్దదనేవారూ ఉంటారు. జవాబును పలకమీద రాసి అందరూ ఒకేసారి పైకెత్తి చూపిస్తే, పది సెకన్లలో క్లాసు పరిస్థితి కళ్లకు కడుతుంది. పాశ్చాత్య దేశాల బడులు ఇందుకోసం చిన్న తెల్లబోర్డులు కొంటున్నాయి. మన బడుల్లో పలక ఎప్పటినుంచో ఉంది, ఒకటి రెండు తరగతులు దాటగానే దాన్ని పక్కన పెట్టేస్తున్నాం. ఉన్నత పాఠశాలల్లోకి పలకను తిరిగి తెచ్చుకోవడంలో చిన్నతనమేమీ లేదు.

పెద్ద చదువుల్లోనూ ఇదే కథ. హార్వర్డ్ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మాజుర్ 1990 ప్రాంతంలో, కఠినమైన లెక్కలు సునాయాసంగా చేసే తన విద్యార్థులకు ప్రాథమిక భావనల మీద పరీక్ష పెట్టాడు. భారీ ట్రక్కు చిన్న కారును ఢీకొన్నప్పుడు ఏది దేనిమీద ఎక్కువ బలం చూపిస్తుందన్న తరహా ప్రశ్నలవి. న్యూటన్ మూడో నియమాన్ని చక్కగా అప్పజెప్పగల విద్యార్థులు ట్రక్కుదే ఎక్కువ బలమన్నారు. దాంతో మాజుర్ పాఠం చెప్పే తీరే మార్చుకున్నాడు. ముందు భావన మీద ఒక ప్రశ్న వేస్తాడు. ప్రతి విద్యార్థీ తన జవాబు ఎంచుకుంటాడు. సరైన జవాబు చెప్పినవారు మరీ తక్కువా మరీ ఎక్కువా కాకుండా ఉంటే, పక్కవారితో వాదించుకోమని కొన్ని నిమిషాలు వదిలేస్తాడు. ఆ తర్వాత మళ్లీ ఓటు. ఈ పద్ధతి 1991 నుంచి హార్వర్డ్‌లో నడిచి, ప్రపంచమంతా పాకింది.

1998లో రిచర్డ్ హేక్ 6 వేలకు పైగా విద్యార్థుల ఫలితాలను పోల్చి, విద్యార్థులను ఆలోచనలో పాలుపంచుకునేలా చేసిన భౌతికశాస్త్ర తరగతుల్లో అవగాహన పెరుగుదల వట్టి ఉపన్యాస తరగతులకు దాదాపు రెట్టింపని చూపాడు. 2014లో స్కాట్ ఫ్రీమన్ బృందం 225 అధ్యయనాలను క్రోడీకరించినప్పుడు, ఉపన్యాస తరగతుల్లో ఫెయిలయ్యేవారు 33.8 శాతం, క్రియాశీల తరగతుల్లో 21.8 శాతం అని తేలింది. అయినా విద్యార్థులకు ఉపన్యాసమే నచ్చుతుంది. 2019లో హార్వర్డ్‌లోనే జరిగిన మరో అధ్యయనంలో, క్రియాశీల తరగతిలో ఎక్కువ నేర్చుకున్న విద్యార్థులే తాము తక్కువ నేర్చుకున్నామని చెప్పారు. ధారాళంగా సాగే ఉపన్యాసం వింటుంటే అంతా తెలిసిపోతున్నట్లే ఉంటుంది. మళ్లీమళ్లీ చదివినవారి ధీమా లాంటిదే ఇదీ.

ఆగడం, వివరించడం

మేరీ బడ్ రోవ్ 1970లలో అమెరికా తరగతి గదుల టేపులు విని ఒక చిన్న విషయం కనిపెట్టింది. ప్రశ్న వేశాక ఉపాధ్యాయులు జవాబు కోసం సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారు. దాన్ని 3 సెకన్లకు పెంచితే జవాబులు పొడుగయ్యాయి, 'తెలియదు' అనడం తగ్గింది, అంతకుముందు నోరువిప్పని పిల్లలు కూడా మాట్లాడారు. 1981లో ఫ్రాంక్ లైమన్ రూపొందించిన పద్ధతి ఈ విరామాన్నే ఇంకాస్త విస్తరించింది: ముందు ఒంటరిగా ఆలోచించండి, తర్వాత జంటగా మాట్లాడుకోండి, ఆపైన క్లాసుకు చెప్పండి.

ఎందుకు, ఎలా అని తనను తానే అడుగుతూ చదవడం, సాధించిన లెక్కలో ప్రతి మెట్టుకూ కారణం చెప్పుకోవడం కూడా అవగాహనను పెంచుతాయి. 2013లో జాన్ డన్‌లోస్కీ, సహ పరిశోధకులు పది చదువు పద్ధతులను తూచినప్పుడు వీటికి మధ్యస్థ స్థానం దక్కింది. స్వీయ పరీక్షకు, విరామ అభ్యసనానికి పై స్థానం దక్కింది. పంక్తుల కింద గీతలు గీయడం, రంగులు పూయడం, మళ్లీ చదవడం అట్టడుగున నిలిచాయి. విద్యార్థులు ఎక్కువగా చేసేది ఈ మూడే.

పూర్వజ్ఞానం, బుర్రమీద బరువు

1972లో జాన్ బ్రాన్స్‌ఫర్డ్, మార్షియా జాన్సన్ ఒక పేరా వినిపించారు. వస్తువులను వేరుచేసి కుప్పలుగా పెట్టడం, ఒకేసారి ఎక్కువ వేయకపోవడం గురించి అందులో తేలికైన మాటలే ఉన్నాయి. విషయమేమిటో ముందు చెప్పకుండా వినిపిస్తే శ్రోతలకు అర్థమూ కాలేదు, గుర్తూ లేదు. ఇది బట్టలుతకడం గురించి అని ముందే చెబితే రెండూ బాగా పెరిగాయి. విన్నాక చెబితే లాభం లేకపోయింది. కొత్త పాఠానికి ముందు పిల్లలకు తెలిసినదాన్ని తట్టిలేపడం ఎందుకు అవసరమో దీనికన్నా స్పష్టంగా చూపిన ప్రయోగం అరుదు.

అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచుకోగల అంశాలు కొన్నే. జార్జ్ మిల్లర్ 1956లో ఏడుకు అటూఇటూ అన్నాడు. నెల్సన్ కోవన్ 2001లో నాలుగుకు దగ్గరన్నాడు. ఈ పరిమితి ఆధారంగానే ఆస్ట్రేలియాలో జాన్ స్వెల్లర్ 1980లలో బుద్ధిభార సిద్ధాంతాన్ని తీర్చాడు. కొత్తవారికి లెక్క ఇచ్చి మీరే తంటాలు పడమనడంకన్నా, పూర్తిగా సాధించిన లెక్కలను మెట్టుమెట్టుగా చూపి, క్రమంగా మెట్లు తీసేస్తూ పోవడం మేలని అతని ప్రయోగాలు తేల్చాయి. విషయం ఒంటబట్టాక మాత్రం ఇదే సాయం అడ్డుతగులుతుంది, అప్పుడు స్వయంగా చేయనివ్వాలి. ఎక్కాలు నోటికి రావాలనే పెద్దల మాటకు బలం ఇక్కడే దొరుకుతుంది. ఏడెనిమిదులు ఎంతని వేళ్లు లెక్కపెట్టే పిల్లవాడికి బీజగణితం మీద పెట్టడానికి బుర్రలో చోటు మిగలదు.

బొమ్మ, మాట కలిస్తే మేలని రిచర్డ్ మేయర్ పరిశోధనలు చెబుతాయి. తెర మీద ఉన్న వాక్యాలనే పైకి చదివితే మేలు తగ్గుతుందనీ అవే చెబుతాయి. ప్రభుత్వ బడుల్లోకి పెద్ద డిజిటల్ ప్యానెళ్లు వస్తున్న ఈ రోజుల్లో, బొమ్మ చూపిస్తూ నోటితో వివరించడమే వాటికి సరైన వాడుక. ఇక కొందరు చూసి, కొందరు విని, కొందరు చేసి నేర్చుకునే రకమని పిల్లల్ని విభజించే అభ్యసన శైలుల సిద్ధాంతానికి ఆధారం దొరకలేదని పాష్లర్ బృందం 2008లోనే తేల్చింది. శిక్షణ తరగతుల్లో అది ఇంకా వినబడుతూనే ఉంది.

పిల్లవాడు ఉన్నచోటు నుంచి

పై వ్యూహాలన్నీ పాఠం పిల్లవాడి స్థాయికి అందుబాటులో ఉన్నప్పుడే పనిచేస్తాయి. గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగేవారు సగానికి అటూఇటూగానే ఉన్నారని ఏసర్ (వార్షిక విద్యాస్థితి నివేదిక) సర్వేలు ఏళ్లుగా చెబుతున్నాయి. అలాంటి తరగతిలో ఐదో తరగతి పుస్తకం ముందేసుకుని ఎన్ని క్విజ్‌లు పెట్టినా సగం మందికి చేరదు.

ఈ సమస్యకు జవాబు వెతికినవారిలో మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం ముందువరసలో ఉంటుంది. చుట్టుపక్కల పల్లెల్లో ఒకే ఉపాధ్యాయుడు పలు తరగతులను నడిపే చిన్న బడుల కోసం పద్మనాభరావు, రమ దంపతులు ఇక్కడ పాఠాలను వందలాది కార్డులుగా విడగొట్టారు. గోడమీద అభ్యసన నిచ్చెన ఉంటుంది. దానిమీద తాను ఏ మెట్టు దగ్గరున్నాడో పిల్లవాడే చూసుకుని ఆ కార్డు తీసుకుంటాడు. కొన్ని పనులు ఉపాధ్యాయుడి పక్కన, కొన్ని తోటివారితో, కొన్ని ఒంటరిగా. మధ్యమధ్య నేర్చుకున్నదాన్ని సరిచూసే కార్డులు వస్తాయి, రానిచోట మళ్లీ సాధన. తమిళనాడు దీన్ని చూసి 2003లో చెన్నై నగర పాలక బడుల్లో మొదలుపెట్టి 2007లో రాష్ట్రమంతటా ప్రాథమిక బడులకు విస్తరించింది.

ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఇంకో దారి పట్టింది. రోజులో కొంతసేపు తరగతులను పక్కనపెట్టి, చదవగలిగే స్థాయినిబట్టి పిల్లలను గుంపులు చేస్తుంది. వదోదర, ముంబైలలో ఆ సంస్థ నడిపిన తొలి కార్యక్రమాన్ని అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో తదితరులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. వెనకబడిన పిల్లలకే ఎక్కువ మేలు జరిగింది. బెనర్జీ, డుఫ్లోలకు 2019లో మైకేల్ క్రెమర్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ వ్యూహాల్లో ఏదీ ఖరీదైనది కాదు. వీటికి కావలసింది టైంటేబుల్లో చోటు. సిలబస్ ఫలానా తేదీకి పూర్తవ్వాలనే ఉత్తర్వు ఉన్నంతకాలం, పాత పాఠాన్ని తిరగదోడే ఉపాధ్యాయుడు వెనకబడినవాడిగానే లెక్కలోకి వస్తాడు. అధికారులు ఎన్ని పాఠాలు చెప్పారన్న గడి పక్కన ఎన్ని పాఠాలు మళ్లీ అడిగారన్న గడి ఒకటి పెట్టాలి. ప్రధానోపాధ్యాయులు వారానికి ఒక పీరియడైనా మార్కుల్లేని పునఃస్మరణకు వదలాలి. ఆ రెండూ జరిగేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది: రేపటి పీరియడు మొదటి 5 నిమిషాలు ప్రతి ఉపాధ్యాయుడి చేతిలోనే ఉన్నాయి.